సంతానం లేని మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి)

పెళ్ళయి ఏడాది తిరగకముందే మన ఇళ్ళలో ఒక ప్రశ్న మొదలవుతుంది. విశేషమేమైనా ఉందా అని అడుగుతారు. రెండేళ్ళు గడిస్తే ఆ ప్రశ్నలో జాలి చేరుతుంది. అయిదేళ్ళు గడిస్తే అదే నింద అవుతుంది. లోపం భర్తలో కూడా ఉండవచ్చని వైద్యులు ఎంత చెప్పినా అందరి వేళ్ళూ కోడలి వైపే చూపిస్తాయి. అఖీఖా జరిగే ఇంటికి ఆమె వెళితే పసిబిడ్డను చేతికి అందించడానికి వెనకాడతారు. కొందరు తాయెత్తుల కోసం ఊరూరా తిప్పుతారు. మరికొందరు కొడుక్కి ఇంకో సంబంధం చూస్తామని ఆమె వినేలా మాట్లాడతారు. విచారకరమైన విషయమేమిటంటే, అల్లాహ్ తప్ప లాభనష్టాలు కలిగించేవారు వేరెవరూ లేరని విశ్వసించే కుటుంబాలలో సైతం ఈ జాడ్యం పాతుకుపోయి ఉంది.

ఇలాంటి ఇళ్ళలో ఉన్న సోదరీమణులు, వారి భర్తలు, అత్తమామలు ఒక్కసారి మదీనాలోని ఓ చిన్న గదివైపు దృష్టి సారించాలి. మస్జిదె నబవీని ఆనుకుని ఉన్న ఆ గదిలో ఒక మహిళ సుమారు అర్ధ శతాబ్దం పైగా జీవించారు. ఆమెకు సంతానం కలగలేదు. అయినా ప్రపంచంలోని ముస్లిములందరూ ఆమెను అమ్మ అని స్మరిస్తారు. ఆమే విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా సిద్దీఖా (రజి).

అపశకునపు నెలలో శుభకార్యం

హజ్రత్ ఆయిషా (రజి) మక్కాలో జన్మించారు. తండ్రి హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి), తల్లి ఉమ్మె రూమాన్ (రజి). ఊహ తెలిసేనాటికే ఆ ఇంట్లో ఇస్లాం వెలుగు ప్రసరించి ఉంది. క్రీ.శ. 622లో దైవప్రవక్త (స), అబూబక్ర్ (రజి) మదీనాకు హిజ్రత్ చేశారు. ఆ తర్వాత కుటుంబ సభ్యులు కూడా అక్కడికి చేరుకున్నారు. ఆయిషా (రజి) దైవప్రవక్త (స) ఇంటికి కాపురానికి వచ్చింది మదీనాలోనే.

ఆమె నికాహ్, కాపురానికి రావడం రెండూ షవ్వాల్ నెలలోనే జరిగాయి. షవ్వాల్‌లో పెళ్ళి చేస్తే దంపతులకు అచ్చిరాదని అప్పటి అరబ్బుల మూఢనమ్మకం. ఆయిషా (రజి) తర్వాతి కాలంలో తమ బంధువుల ఆడపిల్లలకు షవ్వాల్‌లోనే పెళ్ళిళ్ళు చేయడానికి ఇష్టపడేవారు. దైవప్రవక్త (స) సతీమణులలో తనకన్నా ఎక్కువ ప్రేమ పొందిన అదృష్టవంతురాలు ఎవరని ఆమె అడిగేవారు. ఆ మాట అన్న స్త్రీకి బిడ్డలు లేరన్న సంగతిని పాఠకులు గమనించాలి. లోకం శకునాల లెక్కలు వేసుకుంటే షవ్వాల్ పెళ్ళికి, ఖాళీ ఉయ్యాలకు ముడిపెట్టి ఉండేది. ఆమె మాత్రం తనను తాను అదృష్టవంతురాలిగానే భావించుకున్నారు. తన అదృష్టాన్ని ఆమె సంతానంతో కొలుచుకోలేదు.

ఆ దాంపత్యంలోని అనురాగానికి హదీసు గ్రంథాలే సాక్ష్యం. ప్రయాణంలో దైవప్రవక్త (స) ఆమెతో పరుగు పందెం వేసుకున్నారు. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత మరోసారి పరుగెత్తినప్పుడు ఆయన గెలిచి, అది మొదటి పందేనికి బదులని నవ్వుతూ చెప్పారు. ప్రజలలో తమకు అందరికన్నా ప్రియమైనవారు ఎవరని హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) అడిగినప్పుడు ఆయన తడుముకోకుండా ఆయిషా పేరు చెప్పారు. బిడ్డను కంటేనే భార్యకు విలువ అన్న భావన ఆ ఇంటి గడపలోకి అడుగుపెట్టలేదు.

మనసులోని వెలితి

అలాగని ఆమెకు ఆ వెలితి తెలియదనుకుంటే పొరపాటు. దైవప్రవక్త (స)కు హజ్రత్ ఖదీజా (రజి) ద్వారా సంతానం కలిగింది. ఖాసిమ్, అబ్దుల్లాహ్, జైనబ్, రుఖయ్యా, ఉమ్మె కుల్సూమ్, ఫాతిమా అందరూ ఆమె బిడ్డలే. ఖదీజా (రజి) మరణించి ఏళ్ళు గడిచినా దైవప్రవక్త (స) ఆమెను తరచూ తలచుకునేవారు. మేకను జబహ్ చేస్తే ఆమె స్నేహితురాళ్ళ ఇళ్ళకు మాంసం పంపేవారు. ఆయిషా (రజి)కి అది కష్టంగా తోచేది. లోకంలో ఖదీజా తప్ప మరో స్త్రీయే లేదన్నట్టుగా ఉందని ఒకసారి అనేశారు. దైవప్రవక్త (స) ఖదీజా (రజి) సుగుణాలను చెబుతూ, ఆమె ద్వారానే తనకు సంతానం కలిగిందని కూడా అన్నారు. ఆయిషాను నొప్పించాలని కాదు, కష్టకాలంలో తోడు నిలిచిన ఇల్లాలి పట్ల కృతజ్ఞతతో అన్న మాట అది. కానీ ఒడి నిండని స్త్రీ చెవికి అది ఎలా వినిపించి ఉంటుందో అర్థం చేసుకోవచ్చు. ఈ సంగతిని మనకు అందజేసింది స్వయంగా ఆయిషాయే (రజి). తన ఈర్ష్యను ఆమె దాచుకోలేదు.

హిజ్రీ 8వ సంవత్సరంలో హజ్రత్ మారియా (రజి)కి ఇబ్రాహీమ్ జన్మించాడు. అల్లాహ్ మారియాకు బిడ్డను ప్రసాదించాడనీ, తమకు ఆ భాగ్యం దక్కలేదనీ ఆయిషా (రజి) బాధపడినట్టు చరిత్రకారుల కథనం. విశ్వాసం ఉన్నవారికి దుఃఖం ఉండదని అనుకునేవారు దీన్ని గమనించాలి. దుఃఖించడం విశ్వాసానికి విరుద్ధం కాదు. దుఃఖంలో అల్లాహ్ మీద ఫిర్యాదు చేయడం, ఇతరుల చెడు కోరడం, హద్దు మీరడం మాత్రమే నిషిద్ధం.

ఆ ఇబ్రాహీమ్ కూడా హిజ్రీ 10లో, పాలు మరవకముందే కన్నుమూశాడు. దైవప్రవక్త (స) కళ్ళు చెమర్చాయి. హృదయం దుఃఖిస్తున్నా నోట మాత్రం ప్రభువుకు ఇష్టమైన మాటే వస్తుందన్నారు. ఆ రోజు సూర్యగ్రహణం పట్టింది. పసివాడి మరణం వల్లే గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. దైవప్రవక్త (స) తమ శోకంలో కూడా ఆ మూఢనమ్మకాన్ని ఖండించారు. ఎవరి చావుపుట్టుకల వల్లా గ్రహణాలు పట్టవని స్పష్టం చేశారు.

అంతకు చాలాకాలం ముందే, మక్కాలో మగబిడ్డలు బతకనందుకు అవిశ్వాసులు ఆయన్ను వంశం తెగినవాడని ఎద్దేవా చేశారు. అప్పుడు అల్లాహ్ కౌసర్ సూరాను అవతరింపజేసి, వాస్తవానికి పేరు తుడిచిపెట్టుకుపోయేది ఆయన శత్రువులదేనని తెలియజేశాడు. సంతానం లేదనో, కొడుకులు లేరనో తోటివారిని ఎత్తిపొడిచేవారు తాము ఎవరి వరుసలో నిలబడుతున్నారో ఆలోచించుకోవాలి.

ఉమ్మె అబ్దుల్లాహ్

అరబ్బులలో మనిషిని బిడ్డ పేరుతో కలిపి పిలవడం గౌరవం. ఫలానావారి తల్లి, ఫలానావారి తండ్రి అనే ఆ పిలుపును కునియత్ అంటారు. తోటి స్త్రీలందరికీ కునియత్ ఉంది, తనకు లేదు. ఒకరోజు ఆయిషా (రజి) ఈ సంగతిని దైవప్రవక్త (స) ముందు విన్నవించుకున్నారు. పైకి అది ఒక పేరు గురించిన మాటే. దాని వెనుక ఏముందో ఆయనకు తెలుసు. ఆయన ఆమెను మందలించలేదు, విని ఊరుకోనూలేదు. ఆమె అక్క కొడుకు అబ్దుల్లాహ్ పేరుతో కునియత్ పెట్టుకోమన్నారు. ఆ నాటి నుంచి ఆమె ఉమ్మె అబ్దుల్లాహ్ అయ్యారు. మన తెలుగు వరుసల్లోనూ అక్క కొడుకు చెల్లెలికి కొడుకే కదా!

ఈ అబ్దుల్లాహ్ సామాన్యుడు కాదు. తల్లి హజ్రత్ అస్మా (రజి), తండ్రి హజ్రత్ జుబైర్ (రజి). హిజ్రత్ తర్వాత మదీనాలో ముహాజిర్ల ఇంట పుట్టిన తొలి బిడ్డ అతనే. ముస్లిములపై ఎవరో చేతబడి చేశారనీ, ఇక వారికి పిల్లలు పుట్టరనీ అప్పట్లో ఊళ్ళో ఒక పుకారు నడిచింది. ఖుబాలో ఈ బిడ్డ పుట్టగానే ముస్లిములు ఆనందం పట్టలేకపోయారు. దైవప్రవక్త (స) ఖర్జూరాన్ని నమిలి పసివాడి నోట రాసి, శుభం కోరుతూ దుఆ చేశారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. కునియత్ వచ్చినంత మాత్రాన అబ్దుల్లాహ్ కన్నతల్లి మారిపోలేదు. అతను ఎప్పటికీ జుబైర్ కుమారుడే. పెంచుకున్న బిడ్డలను వారి కన్నతండ్రి పేరుతోనే పిలవాలని అహ్‌జాబ్ సూరా ఆదేశిస్తోంది. ఇస్లాం బిడ్డ గుర్తింపును చెరపదు. అదే సమయంలో పెంచే చేతుల మమకారాన్ని కాదనదు.

ఒక్క ఖర్జూరం

ఒకనాడు ఒక పేదరాలు ఇద్దరు ఆడపిల్లలతో ఆయిషా (రజి) గడప ముందు నిలిచి యాచించింది. ఆ సమయంలో ఇంట్లో ఒకే ఒక్క ఖర్జూరం ఉంది. ఆయిషా (రజి) దాన్నే ఇచ్చారు. ఆ తల్లి దాన్ని రెండు ముక్కలు చేసి చెరో ముక్క బిడ్డలకు పెట్టింది. తాను ఏమీ తినకుండానే లేచి వెళ్ళిపోయింది. ఆ దృశ్యం ఆయిషా (రజి) మనసును కదిలించింది. దైవప్రవక్త (స) రాగానే ఆయనకు చెప్పారు. ఆడపిల్లల ద్వారా పరీక్షకు గురై వారిని చక్కగా చూసుకున్నవారికి ఆ పిల్లలే నరకాగ్ని నుంచి అడ్డుతెర అవుతారని ఆయన బోధించారు.

బిడ్డలు లేని స్త్రీ మరొకరి మాతృత్వాన్ని చూసి అసూయపడలేదు. ఆ తల్లి త్యాగాన్ని మెచ్చి, దాన్ని హదీసుగా సమాజానికి అందించారు. ఈనాడు ఆడపిల్లల తల్లిదండ్రులకు ఊరట కలిగించే ఈ శుభవార్త మనకు చేరింది సంతానం లేని స్త్రీ ద్వారానే!

యౌవనంలో వైధవ్యం

హిజ్రీ 11లో (క్రీ.శ. 632) దైవప్రవక్త (స) ఆయిషా (రజి) గదిలోనే, ఆమె ఒడిలోనే తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆమె యౌవనంలో ఉన్నారు. దైవప్రవక్త (స) సతీమణులను ఆయన తర్వాత ఎవరూ వివాహమాడరాదన్నది దైవాజ్ఞ. అంటే, సంతానం కలిగే దారి ఆ రోజుతో పూర్తిగా మూసుకుపోయింది. ముందు 47 ఏళ్ళ జీవితం మిగిలి ఉంది.

ఆ కాలాన్ని ఆమె ఏంచేశారన్నదే అసలు ప్రశ్న. ఆమె గది ఒక పాఠశాల అయింది. తెర వెనుక కూర్చుని ఆమె బోధించేవారు. నమాజు, ఉపవాసం, హజ్, వారసత్వ వాటాలు, దాంపత్య నియమాలు ఏ విషయంలో చిక్కుముడి పడినా పెద్ద పెద్ద సహాబీలు సైతం ఆమెను అడిగేవారు. ఆమె వద్ద సమాధానం దొరకని సమస్య తమకు ఎదురుకాలేదని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) చెప్పారు. ఆమె ద్వారా మనకు చేరిన హదీసుల సంఖ్య 2,210 అని పండితులు లెక్కగట్టారు. దైవప్రవక్త (స) ఇంటి లోపలి జీవితం గురించి మనకు తెలిసినదానిలో ఎంతో భాగం ఆమె చలవే.

అనాథలతో నిండిన ఇల్లు

ఆ గదిలో పాఠాలే కాదు, పిల్లల అల్లరి కూడా ఉండేది. ఆయిషా (రజి) సోదరుడు ముహమ్మద్ బిన్ అబీబక్ర్ హిజ్రీ 36 నాటి జమల్ యుద్ధంలో ఆమెకు ఎదుటి పక్షాన నిలిచారు. రెండేళ్ళ తర్వాత ఆయన ఈజిప్టులో హతమయ్యారు. ఆయన పిల్లలు దిక్కులేనివారయ్యారు. మేనత్త అయిన ఆయిషా (రజి) పాత సంగతులు మనసులో పెట్టుకోలేదు. పిల్లలను తెచ్చుకుని పెంచారు. వారిలో ఖాసిమ్ ఒకరు.

ఆ పెంపకం ఎంత బాధ్యతాయుతమైనదో ఇమామ్ మాలిక్ (రహ్మలై) గారి మువత్తాలో కనబడుతుంది. తన పోషణలో ఉన్న అనాథల సొమ్మును ఆమె ఊరికే మూలన పెట్టలేదు. నమ్మకస్తులకు ఇచ్చి వారి తరఫున వ్యాపారం చేయించేవారు. ఆ సొమ్ముపై జకాత్ చెల్లించేవారు. అనాథల ఆస్తి కరిగిపోకుండా పెంచి వారికి అప్పగించాలన్నది ఆమె తపన. అన్నం పెట్టి ఊరుకోవడం పెంపకం కాదని ఆమెకు తెలుసు.

ఆ ఒడిలో పెరిగినవారు ఎలా ఎదిగారు? ఖాసిమ్ బిన్ ముహమ్మద్, అబ్దుల్లాహ్ తమ్ముడు ఉర్వా బిన్ జుబైర్ ఇద్దరూ మదీనాలోని ప్రసిద్ధ ఏడుగురు ధర్మశాస్త్రవేత్తలలో చోటు సంపాదించుకున్నారు. ఆమె సంరక్షణలోనే పెరిగిన అమ్రా బిన్తె అబ్దుర్రహ్మాన్ గొప్ప విదుషీమణి అయ్యారు. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) హదీసులను గ్రంథస్థం చేయించినప్పుడు, అమ్రా వద్ద ఉన్నవాటిని కూడా రాయించమని ఆదేశించారు.

పసిబిడ్డలు ఆమె చేతుల్లోకి

ఇప్పుడు మన ఇళ్ళ ఆచారాన్ని, ఆనాటి మదీనా ఆచారాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. మదీనాలో బిడ్డ పుడితే శుభం కోరుతూ దుఆ చేయించడానికి ఆయిషా (రజి) దగ్గరికి తీసుకువచ్చేవారు. సంతానం లేని స్త్రీ దిష్టి తగులుతుందని ఎవరూ బిడ్డను కొంగు చాటున దాచుకోలేదు. ఒకసారి అలా తెచ్చిన బిడ్డ తలగడ కింద ఆమెకు మంగలికత్తి కనిపించింది. ఏమిటని అడిగితే, జిన్నుల బారిన పడకుండా పెట్టామన్నారు. ఆమె దాన్ని తీసి అవతల పారేశారు. దైవప్రవక్త (స) ఇలాంటి శకునాలను ఇష్టపడేవారు కాదని చెప్పి, మళ్ళీ పెట్టవద్దని వారించారు.

తమ బంధువులలో ఎవరికైనా కాన్పు అయితే ఆడపిల్లా, మగపిల్లాడా అని ఆమె అడిగేవారు కాదు. బిడ్డ ఏ లోపమూ లేకుండా ఉందా అని మాత్రమే అడిగేవారు. అవునంటే సర్వలోక ప్రభువును స్తుతించేవారు.

కొడుకు లాంటివాడితో కలహం

పిల్లలున్న ఇంట నొప్పి కూడా ఉంటుంది. దానధర్మాలలో ఆయిషా (రజి)కి లెక్క ఉండేది కాదు. ఒకసారి అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) ఆమెకు సుమారు లక్ష దిర్హములు పంపారు. ఆ రోజు ఆమె ఉపవాసం ఉన్నారు. సాయంత్రానికల్లా మొత్తం పంచేశారు. ఇఫ్తార్‌కు ఒక దిర్హముతో మాంసం కొనుక్కుని ఉండవచ్చు కదా అని సేవకురాలు అడిగితే, ముందే గుర్తుచేసి ఉంటే కొనేదాన్నని జవాబిచ్చారు.

మరో సందర్భంలో ఆమె దానాలు మితిమీరాయని అబ్దుల్లాహ్ భావించారు. ఆమె మానుకోకపోతే తానే కట్టడి చేస్తానని నోరు జారారు. ఆమె నొచ్చుకుని, ఇక అతనితో మాట్లాడనని ప్రమాణం చేశారు. రోజులు గడిచాయి. అబ్దుల్లాహ్ తట్టుకోలేకపోయారు. ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చి, తెర దాటి లోపలికి వెళ్ళి, పిన్నిని కౌగలించుకుని ఏడ్చారు. ఆమె కూడా ఏడ్చారు. క్షమించారు. ప్రమాణభంగానికి పరిహారంగా 40 మంది బానిసలకు స్వేచ్ఛ ప్రసాదించారు. తర్వాత కూడా ఆ ప్రమాణం గుర్తొచ్చినప్పుడల్లా ముసుగు తడిసేలా విలపించేవారు. కన్నతల్లి ప్రేమకు ఇది ఏ మాత్రం తీసిపోతుంది?

చివరి ప్రయాణం

హిజ్రీ 58, రంజాన్ 17వ తేదీన (క్రీ.శ. 678) ఆమె ఇహలోకాన్ని వీడారు. హజ్రత్ అబూ హురైరా (రజి) జనాజా నమాజు చేయించారు. ఆ రాత్రే జన్నతుల్ బఖీలో ఖననం జరిగింది. ఆమెను ఖబ్రులో దించడానికి అయిదుగురు దిగారు. అక్క కొడుకులు అబ్దుల్లాహ్, ఉర్వా. సోదరుడు ముహమ్మద్ కుమారులు ఖాసిమ్, అబ్దుల్లాహ్. మరో సోదరుడు అబ్దుర్రహ్మాన్ కుమారుడు అబ్దుల్లాహ్. కడుపున పుట్టినవారు లేనందుకు ఆమె చివరి ప్రయాణం ఒంటరిగా సాగలేదు.

మనకు లభించే బోధ

సంతానం కావాలని కోరుకోవడం తప్పు కాదు. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై), హజ్రత్ జకరియ్యా (అలై) వృద్ధాప్యంలో కూడా ఆశ వదులుకోకుండా ప్రభువును వేడుకున్నారు, పొందారు. ధర్మసమ్మతమైన వైద్యం చేయించుకోవడం కూడా తవక్కుల్‌కు విరుద్ధం కాదు. భార్యతో పాటు భర్త కూడా పరీక్ష చేయించుకోవాలి. అయితే అడిగిన ప్రతివారికీ ఇహలోకంలోనే అడిగినది లభిస్తుందని అల్లాహ్ మాట ఇవ్వలేదు. కొందరికి ఆడపిల్లలను, కొందరికి మగపిల్లలను, కొందరికి ఇద్దరినీ ఇస్తాననీ, కొందరిని సంతానం లేనివారిగా ఉంచుతాననీ ఆయన షూరా సూరా 49, 50 ఆయతులలో తెలిపాడు. నాలుగు స్థితులూ ఆయన జ్ఞానం, ఆయన శక్తి నుంచి వచ్చినవే. వాటిలో ఒకదాన్ని బహుమానంగా, మరోదాన్ని శిక్షగా ఆయన అక్కడ పేర్కొనలేదు. అల్లాహ్ అనని మాట అనే హక్కు మనకెక్కడిది?

సోదరీమణులారా! మీ ఒడి ఖాళీగా ఉందని దిగులుపడుతున్నారా? మీకన్నా ముందు ఆ దిగులును విశ్వాసుల మాతృమూర్తి ఎరుగుదురు. మీ అక్క బిడ్డ, అన్న బిడ్డ, వీధిలోని అనాథ బిడ్డ, చదువు చెప్పేవారు లేని పసివాళ్ళు మీ చేతుల కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. భర్తలారా! ప్రియమైనవారెవరని అడిగితే మీ ఇల్లాలి పేరు తడుముకోకుండా చెప్పగలరా? అత్తలారా! ఈసారి మీ ఇంట అఖీఖా జరిగినప్పుడు, మూలన నిలబడ్డ ఆ కోడలిని పిలవండి. పసిబిడ్డను ముందుగా ఆమె చేతికే ఇచ్చి దుఆ చేయమనండి. అది మదీనా ఆచారం.

సంతానం కోరుకునేవారికి అల్లాహ్ సజ్జనులైన సంతానాన్ని ప్రసాదించుగాక! ఇవ్వకుండా పరీక్షిస్తున్నవారికి సహనాన్ని, అంతకన్నా మేలైన ప్రతిఫలాన్ని ప్రసాదించుగాక! మన నాలుకలను ఇతరుల గుండెలు గాయపరచకుండా కాపాడుగాక! ఆమీన్.